కారు రేడియో ‘కోడ్’ అడుగుతోందా? ముందు ఆర్సీ ఎవరి పేరున ఉందో చూసుకోండి

అత్తిలిలో సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థం దగ్గర పడుతుంటే చుట్టుపక్కల ఊళ్లలో కారు షెడ్లు తెరుచుకుంటాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, పెద్దవాళ్లు స్టీరింగ్ ముట్టుకోరు, బండి మాత్రం కవరు కప్పుకుని నెలల తరబడి కదలకుండా పడి ఉంటుంది. తీర్థానికి వచ్చిన కొడుకు తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తే కుర్రాడు బైకు మీద కొత్త బ్యాటరీ పెట్టుకుని వస్తాడు. పావుగంటలో పాతది తీసి కొత్తది బిగిస్తాడు. ఇంజిన్ అందుకుంటుంది. అందరూ ఎక్కి కూర్చున్నాక పాటలు పెడదామని రేడియో నొక్కితే తెర మీద ఒకే మాట: ‘సేఫ్’. కొన్ని కార్లలో ‘కోడ్’ అని వస్తుంది. ఇక ఏ బటన్ నొక్కినా పలకదు.

ఇలాంటప్పుడు చాలామంది 0000 కొడతారు. తర్వాత 1234. తర్వాత బండి నంబరు, ఇంకా పట్టుదల ఉంటే పెళ్లిరోజు. ఆ తర్వాత రేడియో అంకెలు తీసుకోవడం కూడా మానేస్తుంది.

మీకూ ఇలా జరిగితే కంగారు పడకండి. రేడియో పాడవలేదు. తనను ఎవరో వేరే కారులోకి ఎత్తుకుపోయారని అనుకుంటోంది, అంతే. దాన్ని తెరిపించడానికి దారి ఉంది. అందులో సగం బటన్ల పని, సగం కాగితాల పని. బటన్ల పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఆర్సీ ఇంకా పాత యజమాని పేరునే ఉంటే మాత్రం కాగితాల దగ్గర బండి ఆగుతుంది.

అసలీ తాళం ఎందుకు?

ఒకప్పుడు కారులో రేడియో అంటే చిన్న వస్తువు కాదు. జర్మనీకి చెందిన బ్లావ్‌పుంక్ట్ 1932లో యూరప్‌లో తొలి కారు రేడియోను తెచ్చినప్పుడు దాని ధర కారు ధరలో దాదాపు మూడో వంతు. మన దేశంలోనైతే రేడియో ఉంటే చాలు, దానికి లైసెన్సు తీసుకుని ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టాల్సి వచ్చేది. ఆ లైసెన్సు 1980ల మధ్యలో రద్దయింది. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ చిన్న పుస్తకం గుర్తుండే ఉంటుంది.

1980లు, 90ల్లో అమెరికా, యూరప్‌లలో కారు అద్దం పగలగొట్టి స్టీరియో లాక్కుపోవడం దొంగలకు రోజువారీ పనైంది. దానికి కంపెనీలు రెండు విరుగుడులు కనిపెట్టాయి. ఒకటి, ముందు పలకను ఊడదీసి జేబులో వేసుకుని పోయే ఏర్పాటు. రెండోది ఈ కోడ్. దొంగ రేడియోను పీకాలంటే వైర్లు తెంచాలి. వైర్లు తెగితే దానికి నిరంతరం అందే కరెంటు ఆగుతుంది. ఆగిన కరెంటు మళ్లీ వచ్చినప్పుడు రేడియో కోడ్ అడుగుతుంది. దొంగకు కోడ్ తెలియదు కాబట్టి కొనేవాడు ఉండడు.

ఆలోచన బాగుంది. కానీ దొంగ తెంచిన వైరుకూ, బ్యాటరీ కుర్రాడు విప్పిన టెర్మినల్‌కూ తేడా ఆ పెట్టెకు తెలియదు.

కారు రేడియోకు బ్యాటరీ నుంచి రెండు దారుల్లో కరెంటు వస్తుంది. ఒకటి తాళం తిప్పినప్పుడే వస్తుంది. రెండోది కారు ఆపి ఇంట్లో పడుకున్నా సన్నగా వస్తూనే ఉంటుంది, మీరు దాచుకున్న స్టేషన్లను, గడియారాన్ని గుర్తుంచుకునేది దాంతోనే. బజారులో విడిగా కొనే స్టీరియోల్లో ఈ రెండోది సాధారణంగా పసుపు వైరు. ఇది ఆగితే స్టేషన్లు పోతాయి. కోడ్ మాత్రం పోదు, ఎందుకంటే అది కరెంటుతో పని లేని ఒక చిన్న మెమరీ చిప్‌లో ఫ్యాక్టరీలోనే రాసి ఉంటుంది. ఆ చిప్‌లో ఉన్నదీ మీరు కొట్టినదీ ఒకటైతేనే తాళం తెరుచుకుంటుంది.

‘ఫోన్లో అన్నీ వస్తుంటే రేడియో ఎవరిక్కావాలి’ అని మీరు అనవచ్చు. తాళం పడేది ఒక్క ఎఫ్ఎమ్‌కే కాదు. బ్లూటూత్, యూఎస్‌బీ, కారు స్పీకర్లు అన్నీ ఆ పెట్టెలోంచే పోతాయి. తెర ఉన్న మోడళ్లలో వెనుక కెమెరా బొమ్మ కూడా దాని మీదే రావాల్సి ఉంటే అదీ ఆగవచ్చు.

ఏ కార్లలో ఈ బెడద?

నంబరు ప్లేటు చూస్తే కొంత అంచనా వేయవచ్చు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఏపీ 39తో ఒకే వరుస మొదలైంది. అంతకు ముందు పశ్చిమ గోదావరిది ఏపీ 37. కాబట్టి అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం రోడ్ల మీద కనిపించే ఏపీ 37 కార్లన్నీ కాస్త వయసున్నవే. నాలుగంకెల కోడ్ అడిగే రేడియోలు ఎక్కువగా ఆ తరం బళ్లలోనే ఉన్నాయి. స్కోడా ఆక్టేవియా, లారా, ఫేబియా, ఫోక్స్‌వ్యాగన్ కొన్ని మోడళ్లు, రెనో డస్టర్, మహీంద్రా రెనో లోగాన్, హోండాలో కొన్ని, ఫియట్, ఫోర్డ్ బళ్లు ఈ కోవలోకి వస్తాయి. అన్ని హోండాల్లో ఉండదు, అన్ని ఫోర్డుల్లోనూ ఉండదు. మాన్యువల్‌లో ‘యాంటీ థెఫ్ట్’ అనే మాట కోసం చూడండి.

కొత్త కార్లలో పద్ధతి మారింది. రేడియో, కారులోని కంప్యూటర్ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. బ్యాటరీ తీసి పెట్టినా ‘ఇది నా కారే’ అని రేడియో తనంతట తానే తెరుచుకుంటుంది. వేరే కారులో బిగిస్తేనే మొరాయిస్తుంది. హోండాలో కొన్ని మోడళ్లకు చిన్న సహాయం కావాలి: తాళం ఆన్ చేసి రేడియో పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే కోడ్ లేకుండానే గుర్తుపడుతుంది. ఖర్చు లేని ప్రయత్నం కాబట్టి ముందు అది చేయండి.

మారుతీ సంగతి వేరు. స్విఫ్ట్ వంటి కొన్ని కార్లలో కంపెనీ కోడ్ ఉండదు. యజమానే తనకు నచ్చిన పిన్ పెట్టుకునే సౌకర్యం ఉంటుంది. పెట్టుకోకపోతే గొడవే లేదు. పెట్టుకుంటే, బ్యాటరీ తీసిన తర్వాత తెర మీద ‘సెక్యూరిటీ’ అని వస్తుంది. ఆ పిన్ ఏ సర్వీస్ పుస్తకంలోనూ ఉండదు, పెట్టినవాళ్ల బుర్రలోనే ఉంటుంది. నాన్న వాడిన కారు, నాన్న పెట్టిన పిన్, నాన్న లేరు. ఇలాంటి ఇళ్లలో రేడియో మూగబోవడం కేవలం సాంకేతిక సమస్య కాదు. పాత డైరీలు, ఫోన్ నంబర్లు రాసుకున్న పుస్తకాలు ఓసారి తిరగేయండి. దొరక్కపోతే మారుతీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే దారి. పదిసార్లు తప్పు కొడితే మాత్రం ‘హెల్ప్’ అని చూపించి సెట్ పూర్తిగా ఆగిపోతుంది.

చెయ్యి ఆపండి

కోడ్ తెలియనప్పుడు ఊహించి కొట్టకండి. నాలుగంకెల కోడ్‌కు పదివేల అవకాశాలు. మీ పెళ్లిరోజు అందులో ఒకటి మాత్రమే.

స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ పాత సెట్లు రెండు మూడు తప్పు ప్రయత్నాల తర్వాత దాదాపు గంటసేపు తలుపు మూసేస్తాయి. ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. గంట ఆగమన్నారని రేడియో ఆపేసి ఇంట్లోకి వెళ్లిపోతారు. ఆ గంట లెక్క నడవాలంటే రేడియో ఆన్‌లోనే ఉండాలి. ఆపేసి తెల్లారి వచ్చినా అక్కడే ఉంటుంది. రెనోలో తప్పు కొట్టేకొద్దీ ఆగాల్సిన సమయం పెరుగుతూ పోతుంది. ఫోర్డ్ సెట్లలో కొన్ని వరుసగా తప్పులు కొడితే శాశ్వతంగా బిగుసుకుపోతాయి, వాటిని విప్పి నిపుణుడి చేతికి ఇవ్వాల్సిందే.

కోడ్ దొరికాక కొట్టే పద్ధతి కూడా కంపెనీని బట్టి మారుతుంది. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లలో 1 నుంచి 4 వరకున్న స్టేషన్ బటన్లు ఒక్కో స్థానానికి ఒక్కటి. మీ కోడ్ 1463 అనుకుందాం. మొదటి బటన్‌ను మొదటి స్థానంలో 1 కనిపించేదాకా, రెండో బటన్‌ను రెండో స్థానంలో 4 వచ్చేదాకా నొక్కుతూ పోవాలి. ఒకటో బటన్, నాలుగో బటన్, ఆరో బటన్ అని నొక్కితే తప్పు. కోడ్ సరైనదే చేతిలో ఉన్నా ఈ తేడా తెలియక రేడియోను గంటసేపు మూయించుకునేవాళ్లున్నారు. హోండా పాత సెట్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఐదంకెల కోడ్, ఏ అంకె ఉంటే ఆ బటనే నొక్కాలి. స్టేషన్ బటన్లు ఆరే కాబట్టి ఆ కోడ్‌లో 7, 8, 9, 0 ఉండవు. చీటీ మీద వీటిలో ఏదైనా కనిపిస్తే అది రేడియో కోడ్ కాదని అర్థం.

కోడ్ ఎక్కడ దొరుకుతుంది?

కొత్త కారు ఇచ్చినప్పుడు మాన్యువల్ సంచిలో ఏటీఎం కార్డంత చిన్న కార్డు ఒకటి పెడతారు. దాన్ని కారులో ఉంచవద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. మనవాళ్లు డాష్‌బోర్డు అరలోనే పడేస్తారు, ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు మనల్ని కాపాడుతుంది. అరలో అడుగున, మాన్యువల్ వెనుక అట్టకు, సర్వీస్ పుస్తకం మొదటి పేజీలో, యాష్‌ట్రే కింద అంటించిన స్టిక్కరు మీద చూడండి. రెండో తాళం ఉన్న కవరు కూడా తెరిచి చూడండి. మొదటి యజమాని తెలిసినవారైతే ఫోన్ చేసి అడగండి. తాడేపల్లిగూడెంలోనో భీమవరంలోనో ఆయన ఇంట్లో బీరువాలో ఆ కార్డు ఇప్పటికీ ఉండి ఉండవచ్చు.

ఇవేవీ ఫలించకపోతే అధీకృత సర్వీస్ సెంటర్. వాళ్లకు కావాల్సినవి రెండు నంబర్లు. ఒకటి కారు ఛాసిస్ నంబరు. ఇది ఆర్సీలోనే ఉంటుంది. రెండోది రేడియో సీరియల్ నంబరు. ఇది రేడియో పెట్టె పక్కనో పైనో అంటించిన లేబుల్ మీద ఉంటుంది, చూడాలంటే డాష్‌బోర్డులోంచి పెట్టెను బయటికి లాగాలి. దానికి ప్రత్యేకమైన సన్నటి పలకల్లాంటి తాళాలు ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ప్లాస్టిక్ విరుగుతుంది. హోండా, ఫోర్డ్ సెట్లలో కొన్నింటికి ఈ శ్రమ అక్కర్లేదు. 1, 6 బటన్లు కలిపి పట్టుకుంటే సీరియల్ నంబరు తెర మీదే వస్తుంది.

కంపెనీ రికార్డుల్లో ఛాసిస్ నంబరుకు ఎదురుగా ఫ్యాక్టరీ బిగించిన రేడియో కోడ్ ఉంటుంది. మధ్యలో ఎవరైనా పాడైన రేడియో తీసి పాత సామాన్ల షాపు నుంచి తెచ్చినది బిగించి ఉంటే ఆ కోడ్ పనిచేయదు. అప్పుడు సీరియల్ నంబరు తప్పనిసరి. ఈ ముక్క ముందే చెప్పకపోతే మీరూ సర్వీస్ వాళ్లూ ఒకరినొకరు అనుమానించుకుంటూ రెండు రోజులు గడుపుతారు.

బ్యాటరీ అత్తిలిలోనే దొరుకుతుంది. మీ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ మాత్రం ఏ పెద్ద ఊళ్లోనో ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు కనుక్కోండి: ఏ కాగితాలు తేవాలి, కారు కూడా తేవాలా, ఎంత తీసుకుంటారు. రుసుము అన్నిచోట్లా ఒకేలా ఉండదు. తీసుకున్నదానికి బిల్లు అడగండి.

కంపెనీయే దేశంలో కార్లు అమ్మడం మానేస్తే? జనరల్ మోటార్స్ 2017 ఆఖరుకు షెవ్రోలె అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీకి స్వస్తి చెప్పింది, పాత కార్లకు సర్వీస్ కొనసాగిస్తామంది. ఫియట్ ఇప్పుడు జీప్, సిట్రోయెన్‌లను నడిపే స్టెల్లాంటిస్ గొడుగు కింద ఉంది. లోగాన్‌ది ఇంకో కథ. రెనోతో భాగస్వామ్యం 2010లో ముగిశాక మహీంద్రా దాన్నే వెరిటో పేరుతో అమ్మింది. కాబట్టి లోగాన్ ఉన్నవాళ్లు రెనో షోరూమ్ చుట్టూ తిరగకుండా మహీంద్రా వాళ్లను అడగడం మేలు.

అమెరికాలో చదువుకుంటూ పాత హోండా కొనుక్కున్న మన పిల్లలకు ఈ పని తేలిక. అక్కడ హోండాయే యజమానుల కోసం వెబ్‌సైట్ పెట్టింది. ఛాసిస్ నంబరు, రేడియో సీరియల్ నంబరు ఇస్తే కోడ్ ఉచితంగా ఇస్తుంది.

‘ఆర్సీ మీ పేరున లేదండీ’

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర మిమ్మల్ని అడిగేది సాధారణంగా ఆర్సీ, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. ఆర్సీ కాగితం ఇంట్లో మరిచిపోతే ఎంపరివాహన్‌లోనో డిజిలాకర్‌లోనో చూపించవచ్చు. రెండిట్లో పేరు ఒకటైతే పని అయిపోయినట్టే.

పేరు కలవకపోతే? వాళ్లు కోడ్ ఇవ్వననడం మొండితనం కాదు. దొంగ చేతికి కోడ్ పోకూడదన్నదే ఈ తాళం ఉద్దేశం. అడిగినవాడికల్లా ఇచ్చే షోరూమ్ ఉంటే దాన్ని చూసి భయపడాలి.

తెలిసినవాళ్ల దగ్గర కారు కొనడం, డబ్బులిచ్చి సంతకం చేసిన ఫారాలు తీసుకోవడం, ‘తర్వాత మార్చుకుందాంలే’ అని వాటిని మడిచి బీరువాలో పెట్టడం మన దగ్గర మామూలే. తారీకు వేయని ఫారం 29, ఫారం 30 ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. చట్టం మాత్రం అంత తీరిక ఇవ్వలేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ పేరుకు మార్చమని కోరాలి.

ఇది రేడియో కోసం చేయాల్సిన పని కాదు. రేడియో పుణ్యమా అని బయటపడిన పని. ఆర్సీ పాత పేరున ఉండగా ఏదైనా ప్రమాదం జరిగితే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తేల్చింది. ఆ కారు ఒకరి నుంచి ఒకరికి నాలుగు చేతులు మారింది, ఆర్సీ మాత్రం మొదటాయన పేరునే ఉండిపోయింది. రికార్డులో పేరు ఎవరిదైతే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే అని కోర్టు చెప్పింది. అంటే అమ్మినవాళ్లకు ఇది ఇంకా పెద్ద చిక్కు. కొన్నవాళ్లకు చిక్కు బీమాలో ఉంది. యాజమాన్యం మారిన 14 రోజుల్లో పాలసీని మీ పేరుకు మార్చమని కంపెనీని కోరాలి. అవతలివారికి కలిగే నష్టానికి రక్షణ బండితో పాటు మీకు వస్తుంది కానీ, మీ సొంత కారు డ్యామేజీకి క్లెయిమ్ అడిగినప్పుడు పేరు తేడా ఎదురొస్తుంది.

మార్పిడికి దరఖాస్తు పరివాహన్ పోర్టల్‌లో మొదలవుతుంది. ఫారం 29, 30, ఆర్సీ, చెల్లుబాటయ్యే బీమా, కాలుష్య ధ్రువపత్రం, గుర్తింపు, చిరునామా పత్రాలు సిద్ధంగా ఉంచుకోండి. కారు అప్పు మీద కొన్నదైతే, అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంటుంది. దాన్ని తీయించడానికి ఫారం 35, బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. హైదరాబాద్ నుంచి తెచ్చిన టీఎస్, టీజీ బండి అయితే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇక్కడ పన్ను, కొత్త నంబరు సంగతి ఉంటుంది.

యజమాని చనిపోయిన ఇంట్లో వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. గడువు దాటిందని ఊరుకోవద్దు, ఆలస్యంగానైనా చేయించుకోవాల్సిందే. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు చేర్చుకునే వీలు కూడా ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరున కారు ఉంటే ఈ పండక్కి వెళ్లినప్పుడే ఆ పని చూడండి. వాళ్లను ఒప్పించడం కష్టమని నాకూ తెలుసు.

కాగితాలు మారేదాకా రేడియో లేకుండా ఉండాలా? అక్కర్లేదు. ఆర్సీలో పేరున్న మనిషి అందుబాటులో ఉంటే ఆయన్ను వెంట తీసుకెళ్లడం, లేదా ఆయన చేతే షోరూమ్‌కు అడిగించడం సులువైన దారి.

వాట్సాప్‌లో కోడ్ అమ్మేవాళ్లు

‘రేడియో కోడ్’ అని వెతికితే సీరియల్ నంబరు ఇవ్వండి, డబ్బు పంపండి, క్షణాల్లో కోడ్ ఇస్తాం అనే సైట్లు బోలెడు కనిపిస్తాయి. వాటిలో నిజంగా పనిచేసేవీ ఉన్నాయి. కొన్ని పాత సెట్లలో సీరియల్ నంబరు నుంచి కోడ్‌ను లెక్కకట్టవచ్చు. అదే ఈ తాళంలోని లోపం కూడా. కానీ ఏది పనిచేసేదో, ఏది డబ్బు తీసుకుని మాయమయ్యేదో బయటి నుంచి తెలియదు. రేడియో కోడ్ ఇవ్వడానికి మీ ఆధార్ రెండు వైపులా ఫొటో, ఓటీపీ ఎవరికీ అవసరం ఉండవు. అడిగితే అక్కడే ఆపేయండి. గుర్తింపు పంపక తప్పని చోట చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఊళ్లో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ఇంకో దారి. పెట్టె విప్పి, మెమరీ చిప్‌ను రీడర్‌తో చదివి కోడ్ చెప్పగలిగినవాళ్లు పెద్ద ఊళ్లలో ఉన్నారు. మీ సొంత రేడియోను మీరు తెరిపించుకోవడం నేరమేమీ కాదు. మంచి మెకానిక్ ముందు ఆర్సీ చూపించమంటాడు. ఎందుకంటే దొంగ సొత్తని తెలిసీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద కేసు ఆయన మీదికి వస్తుంది. అలా అడిగినవాడి దగ్గరే పని చేయించండి.

సర్వీస్ సెంటర్ బ్యాటరీ మార్చి, రేడియో బిగుసుకుపోయాక ‘కోడ్‌కు వేరే చార్జి’ అంటే? పని మొదలుపెట్టే ముందు ఈ సంగతి మీకు చెప్పారా, జాబ్ కార్డులో రాశారా అన్నది ముఖ్యం. అన్ని ఆధారాలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రూ.5 లక్షల లోపు వ్యవహారానికి ఫిర్యాదు రుసుము లేదు. రెండేళ్ల లోపు వెళ్లాలి.

కొనబోయే కారులో ‘సేఫ్’ కనిపిస్తే

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్లారు. ఇంజిన్ బాగుంది, రంగు బాగుంది, రేడియో మాత్రం కోడ్ అడుగుతోంది. ‘బ్యాటరీ మార్చాం సార్, అంతే’ అంటాడు అమ్మేవాడు. నిజమే కావచ్చు. కానీ అది మూడు కారణాల్లో ఒకటి మాత్రమే. రేడియో వేరే బండిది కావచ్చు. లేదా పెద్ద మరమ్మతు కోసం బ్యాటరీ విప్పి ఉండవచ్చు, అందులో నీట మునిగిన బండిని శుభ్రం చేయడం కూడా ఒకటి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు వాకిళ్లలోని కార్లూ మునిగాయి. ఆ నీరు చివరికి చేరింది కొల్లేరుకే. మునిగిన కార్లలో కొన్నైనా మరమ్మతు చేసుకుని అమ్మకానికి వస్తాయి, అది తప్పు కాదు, చెప్పకుండా అమ్మడమే తప్పు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, నీటి చార ఉంటే అక్కడ దాక్కుని ఉంటుంది. సీట్ల కింద బోల్టుల తుప్పు, కార్పెట్ కింద సన్నటి ఒండ్రు చూడండి. బీమా క్లెయిముల చరిత్ర అడగండి.

బండి దొంగదేమో అన్న అనుమానం ఉంటే ఎన్‌సీఆర్‌బీ నడిపే డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఇచ్చి పోలీసు రికార్డుల్లో చోరీ అయినట్టు ఉందేమో మీరే చూసుకోవచ్చు. ఈ సౌకర్యం 2020 జనవరి నుంచి ఉంది. డీలర్ దగ్గర కొంటుంటే రవాణా శాఖ ఇచ్చిన అధీకృత పత్రం చూపించమనండి. సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్లకు ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి.

బేరం కుదిరాక రెండో తాళం అడిగినట్టే రేడియో కోడ్ కూడా అడగండి. లేదంటే డబ్బు చేతులు మారకముందే దాన్ని తెరిపించి ఇవ్వమనండి. తర్వాత అడిగితే ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ.

ఇప్పుడు పనిచేస్తున్న రేడియో ఉన్నవాళ్లు బ్యాటరీ మార్చే ముందు కోడ్ చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ‘మెమరీ సేవర్’ ఉందా అని బ్యాటరీ షాపు వాళ్లను అడగండి. పాత బ్యాటరీ తీసి కొత్తది బిగించే ఆ కాసేపు కారుకు వేరే 12 వోల్టుల కరెంటు ఇచ్చే చిన్న పరికరం అది. అది ఉంటే రేడియోకు బ్యాటరీ మారిన సంగతే తెలియదు. అయితే అప్పుడు విప్పిన పాజిటివ్ తీగలో కూడా కరెంటు ఉంటుంది, బాడీకి తగలకుండా గుడ్డ చుట్టమనండి.

కోడ్ పడి రేడియో పలికాక దాచుకున్న స్టేషన్లన్నీ పోయి ఉంటాయి, ఒక్కొక్కటీ మళ్లీ పెట్టుకోవాలి. గడియారం కూడా వెనక్కి పోయి ఉంటుంది. పెట్టె బయటికి తీసే ఉంటే, తిరిగి బిగించేలోపు లేబుల్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కోడ్‌ను ఇంట్లో ఆర్సీ జిరాక్స్ వెనక రాసి పెట్టండి.